నాదమునకు రూపము వెదకిన రామనుగారు

గడచిన సంవత్సరము మా పాఠశాలలోని కంప్యూటర్ల గదిలో జరిగిన ఒక చిన్న సంగతితో ఈ చరిత్రను ఆరంభింతుము. తొమ్మిదవ తరగతి బాలబాలికలు కొందరు సెల్‌ఫోనుతో రెండు వాద్యముల మ్రోతను పట్టి తెచ్చిరి. ఒకటి సంగీతము నేర్చుకొనుచున్న బాలిక యింటనున్న మృదంగము; రెండవది మన తగరపువలస వీధులలో ఉత్సవములందు మ్రోగు డప్పు. ఆ ధ్వనులను సాఫ్ట్‌వేరునందు ఉంచి మీట నొక్కగానే తెరపై రెండు పటములు కనబడెను. మృదంగపు పటమున వెలుగుగీతలు నిచ్చెనమెట్లవలె సమదూరమున నిలిచియుండెను. డప్పు పటమున గీతలు ఒకచోట ఎడముగను, వేరొకచోట ఇరుకుగను, క్రమము లేక పడియుండెను. రెండును తోలువాద్యములే కదా, ఈ భేదమేల కలిగెనని విద్యార్థులు మమ్ము ప్రశ్నించిరి.

డప్పు మ్రోతను తెచ్చిన బాలుడు మాత్రము ఏమియు అడుగక వెనుకబల్లపై తలవంచుకొని కూర్చుండెను. ఆతని మౌనమునకు కారణము మాకు తరువాత తెలిసెను. దానిని ఈ వ్యాసాంతమున చెప్పెదము.

విద్యార్థుల ప్రశ్నకు నూరేండ్ల క్రిందట, కంప్యూటరు పుట్టకమునుపే, గుప్పెడు ఇసుకతో సమాధానము కనుగొన్న మహనీయుడు ఒకరు కలరు. ఆయన బాల్యమంతయు మనకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న విశాఖపట్టణముననే గడచెను. ఆయనయే సర్ చంద్రశేఖర వేంకటరామనుగారు. కాంతిని గూర్చి ఆయన కనుగొన్న విషయము లోకమెల్ల ఎరుగును. నాదమును గూర్చి ఆయన చేసిన కృషిని ఎరిగినవారు తక్కువ. అందుచేత ఆ భాగమునే ముఖ్యముగా ఇచట వ్రాయుచున్నాము.

రామనుగారు 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చేరువనున్న తిరువానైక్కావలులో జన్మించిరి. తండ్రి చంద్రశేఖర అయ్యరుగారు, తల్లి పార్వతి అమ్మాళు. 1892లో తండ్రిగారికి విశాఖపట్టణమునందలి శ్రీమతి ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రములు బోధించు ఉద్యోగము లభించెను. నాలుగేండ్లు నిండకమునుపే రామనుగారు సముద్రపుటొడ్డున నున్న ఈ పట్టణమునకు వచ్చిరి. ఇంట పుస్తకములకు కొదువలేదు. సంగీతమనిన ఆ కుటుంబమునకు మక్కువ. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి, పదునొకండవ యేటనే మెట్రిక్యులేషన్ పరీక్షయందు కృతార్థులైరి. తండ్రిగారు బోధించు కళాశాలలోనే ఎఫ్.ఏ. తరగతి చదివి, పదుమూడవ యేట దానిని ముగించిరి.

చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఏ. పరీక్షలో ప్రథమశ్రేణిని, భౌతికశాస్త్రమున బంగారు పతకమును సంపాదించిరి. 1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయముననే, ఆయన వ్రాసిన తొలి పరిశోధనవ్యాసము ఇంగ్లండునందలి ఫిలసాఫికల్ మేగజైన్ అను పత్రికలో అచ్చుపడెను. జర్మనుదేశపు విద్వాంసుడు హెల్మ్‌హోల్ట్జ్ నాదమును గూర్చి రచించిన గ్రంథమును ఆయన చదువుకొనుదినములలోనే ఆసక్తితో పఠించిరి. వీనులకు ఇంపుగా తోచునది ఏల అట్లు తోచును అను ప్రశ్న నాటినుండి ఆయన మనస్సును విడువలేదు.

ఆకాలమున ఎంత తెలివిగల యువకునికైనను మన దేశమున శాస్త్రపరిశోధనచే జీవనము జరుగుట కష్టము. ఉన్నతవిద్యకై సీమకు పంపుదమన్నచో ఆయన దేహము ఆ చలికి తాళదని వైద్యులు వారించిరి. కావున రామనుగారు ప్రభుత్వ ఆర్థికశాఖ పరీక్ష నిచ్చి, అందు జయమొంది, 1907లో కలకత్తానగరమున అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా నియమితులైరి. ఆ సంవత్సరమే లోకసుందరి అమ్మగారిని వివాహమాడిరి. పందొమ్మిదేండ్లు నిండకమునుపే మంచి జీతము, గౌరవము గల ఉద్యోగము దొరకెను. ఇతరులైనచో అంతటితో తృప్తిపడి యుందురు.

ఒకనాడు ట్రాముబండిలో పోవుచు రామనుగారు బౌబజారు వీధిలో ఒక భవనముపై పలకను చూచిరి. అది మహేంద్రలాల్ సర్కారుగారు 1876లో స్థాపించిన భారతీయ విజ్ఞానసంవర్ధక సంఘము. పరికరములు కలవు, గదులు కలవు. పనిచేయువారు మాత్రము కరవైరి. నాటినుండి రామనుగారు ఉదయమున కచేరీవేళకు పూర్వమును, సాయంకాలము కచేరీ ముగిసిన పిదపను అచటికి పోయి పరిశోధనలు చేయసాగిరి. అశుతోష్ దే అను సహాయకుడు ఆయనకు కుడిభుజమై నిలిచెను. ఇట్లు పదియేండ్లు పగలు లెక్కలు చూచుచు, రేయి తంత్రులను మీటుచు గడపిరి. నడుమ రంగూనుకు, నాగపురమునకు బదిలీ యయినను ఈ దీక్ష సడలలేదు.

ఇక ఆ గదిలో ఆయన ఏమి చేయుచుండిరో చూతము. నాదము కంటికి కనబడదు. తంత్రి కదలుట కనబడినను, సెకనుకు వందలసార్లు కదలుటచే మసకగా మాత్రమే తోచును. రామనుగారు ఫిడేలు తంత్రిపై సన్నని వెలుగును ప్రసరింపజేసి, తంత్రి నీడ ఫోటో పలకపై పడునట్లు చేసిరి. ఆ పలకను వేగముగా జరుపగా, తంత్రి కదలికయంతయు వంకరగీతయై దానిపై ముద్రితమయ్యెను. కమాను తంత్రిని పట్టుకొని కొంతదూరము లాగుకొనిపోవును. పిమ్మట తంత్రి జారి చప్పున వెనుకకు వచ్చును. మరల కమాను దానిని పట్టుకొనును. ఈ పట్టువిడుపులు ఆ గీతలో రంపపుపండ్లవలె స్పష్టముగా కానవచ్చెను. తంత్రి కదలికను, ఫిడేలు కొయ్య కదలికను ఒకే పలకపై పట్టి, ఒకటి రెండవదానిని ఎట్లు నడుపుచున్నదో ఆయన సరిచూచిరి. కమాను వేగమును ఒత్తిడిని కొలతలో నుంచుటకై, మనుష్యహస్తమునకు మారుగా యంత్రముచే ఫిడేలును వాయింపజేసిరి. ఈ విషయములపై ఆయన 1918లో ప్రకటించిన గ్రంథము నేటికిని ఆ శాస్త్రమున ప్రమాణముగా నున్నది.

ఇంతలో కలకత్తా విశ్వవిద్యాలయమువారు ఆయనను పాలిత్ ఆచార్యపదవికి ఆహ్వానించిరి. జీతము అప్పటి ఉద్యోగపు జీతముకంటె మిక్కిలి తక్కువ. ఆ పదవి నందువారు విదేశమున శిక్షణ పొందియుండవలెనను నియమము కలదు. అందుకు రామనుగారు సమ్మతింపలేదు. విశ్వవిద్యాలయమే తన నియమమును సడలించుకొనెను. 1917లో ఆయన పెద్దజీతమును విడిచి చిన్నజీతమునకు పోయిరి. విద్యార్థులు ఈ లెక్కను ఒకసారి నెమ్మదిగా వేసికొని చూడదగును.

ఇక మృదంగము మాట. లోహతంత్రిని మీటినపుడు దానియందు ఒక నాదమేకాక, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముగల నాదములు కూడ పుట్టును. వీనినే అనుస్వరములందురు. ఇవి పూర్ణసంఖ్యల క్రమమున నుండుటచేతనే చెవికి ఇంపు కలుగును. సమముగా బిగించిన చర్మమునకు ఈ గుణము లేదు. దాని మొదటి నాదమును 1 అనుకొన్నచో, తరువాతివి 1.59, 2.14, 2.30 అను తీరుగా ఒండొంటితో పొసగని లెక్కలో నుండును. కనుకనే పాశ్చాత్యుల సాధారణపు డోళ్లు దరువునకేగాని శ్రుతికి అంతగా పనికిరావు. అయినను మన మృదంగము, తబల శ్రుతిలో పలుకుచున్నవి. ఇది ఎట్లు సాధ్యమయ్యెను?

1920లో రామనుగారును, శివకాళికుమారుగారును నేచర్ అను పత్రికలో దీనికి సమాధానమును ప్రకటించిరి. మృదంగపు కుడిమూత నడుమ నల్లని పూత యొకటి కలదు; దానిని కరణ యందురు. చిట్టపురాతి పొడిని అన్నముతో మెదిపి, పొరపై పొరగా అద్ది, ప్రతిపొరను నున్నని రాతితో రుద్ది ఆరబెట్టి దానిని చేయుదురు. ఈ బరువు నడుమ నుండుటచే చర్మపు కదలికల వేగములు మారి, అనుస్వరముల క్రమములోనికి వచ్చునని వారు తెలిపిరి.

తరువాత, బెంగుళూరునకు వచ్చినపిమ్మట, రామనుగారు ఈ విషయమును మరల పరిశీలించి విస్తారమైన వ్యాసమును వ్రాసిరి. మూతపై సన్నని ఇసుకను చల్లి, వ్రేలితో ఒక్కొక్కచోట తాకుచు, మూతను మీటిరి. చర్మము కదలుచోటులనుండి ఇసుక ఎగిరి, కదలనిచోటులకు చేరి గీతలుగా నిలిచెను. ఒక మీటునకు అడ్డముగా ఒక గీత. వేరొక మీటునకు ఒకదానినొకటి ఖండించు రెండు గీతలు. మరియొక మీటునకు వలయము. ఇట్లు తొమ్మిది విధములైన కదలికలను ఆయన గుర్తించిరి. ఆ తొమ్మిదియు ఐదు అనుస్వరములుగా ముడివడియున్నవని తేల్చిరి. మూడవ అనుస్వరమున రెండేసి, ఐదవదానిలో మూడేసి కదలికలు ఒకే వేగమున కలిసి పలుకుచున్నవి. వేరువేరు దారులు పట్టవలసిన కదలికలను ఒక్కశ్రుతికి తెచ్చినది ఆ నల్లని కరణయే.

తంబుర, వీణెల విషయమునను ఆయన ఇట్లే విచారించిరి. వాని మేరువు వంపుదేరియుండుటచే తంత్రి దానిపై ఒరసికొనుచు కదలును. అందుచే యూరోపుదేశపు సూత్రముల ప్రకారము వినబడగూడని అనుస్వరములు సైతము వినబడునని 1921లో ప్రకటించిరి. ఆ యేటనే ఇంగ్లండునకు పోయినపుడు లండనులో సెయింట్ పాల్ దేవాలయపు గుమ్మటమున గుసగుసలు గోడవెంట పాకుటను పరీక్షించిరి. ఆ ప్రయాణమున మధ్యధరాసముద్రపు నీలిమను చూచిన పిదప ఆయన మనస్సు కాంతివైపు విశేషముగా మరలెను. ద్రవ్యముపై పడి చెదరిన కాంతిలో క్రొత్తరంగులు కలుగునని 1928 ఫిబ్రవరి 28వ తేదీన కనుగొనిరి. ఇందు కె. ఎస్. కృష్ణన్‌గారి పరిశ్రమ మిక్కిలి కలదు. 1930లో నోబెలు బహుమానము లభించెను. మన కృష్ణాజిల్లావారగు సూరి భగవంతముగారు కలకత్తాకు పోయి రామనుగారియొద్ద పనిచేసి, వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులై, ఆ విద్యను ఈ తీరమునకు తెచ్చిరి.

నాదమునుండి కాంతికి పోవుట ఆయన దారి తప్పుట కాదు. కలిసియున్నదానిని విడదీసి, ఏయే కంపనము ఎంతెంత కలదో చూచుటయే రెండింటిలోను పని. 1935 మొదలు నగేంద్రనాథుగారితో కలిసి, చెవికందని మిక్కిలి సన్నని శబ్దతరంగములు నీటియందు పోవునపుడు వానిగుండ పోవు కాంతి ఎట్లు చీలునో లెక్కగట్టిరి. అచట కాంతియే శబ్దమునకు చిత్రకారుడయ్యెను.

మహాత్ముల చరిత్రలో లోపములను దాచుట సత్యమునకు మేలుచేయదు. రామనుగారు 1933లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులైరి. ఆ సంవత్సరమే బొంబాయినుండి కమలా భాగ్వత్ అను విద్యార్థిని అచట ప్రవేశము కోరగా, ఆడుపిల్ల యను కారణముచే ఆయన నిరాకరించిరి. ఆమె పట్టు విడువలేదు. తుదకు ఒక సంవత్సరము పరీక్షగా నుంచుకొందునను షరతుతో చేర్చుకొనిరి. ఆమె పనిని చూచి ఆయన మనస్సు మార్చుకొనగా, ఇతర విద్యార్థినులకును ద్వారము తెరువబడెను. ఆమెయే పిమ్మట కమలా సొహొనీ యను పేర ప్రఖ్యాతినొందిన జీవరసాయన శాస్త్రజ్ఞురాలు. సన్నని అనుస్వరములను విడదీసి వినగలిగిన చెవికి ఈ బాలిక మాట వెంటనే వినబడకపోయెను. మన పాఠశాల బాలికలు దీనిని తప్పక తెలిసికొనవలెను, బాలురును తెలిసికొనవలెను.

ఇక మన కంప్యూటర్ల గదికి వత్తము. తెరపై కనబడిన పటమును స్పెక్ట్రోగ్రామ్ అందురు. ఇందు ఎడమనుండి కుడికి కాలము, క్రిందనుండి మీదికి కంపనవేగము, వెలుగుచే బలము తెలియును. ఇట్టి పటములు గీయు యంత్రమును 1940 తరువాత అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు నిర్మించిరి. నేడు ఆడాసిటీ, ప్రాట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులు ఆ పనిని క్షణములో చేయుచున్నవి. ధ్వనిఫైలునందు సాధారణముగా ఒక్క సెకనునకు 44,100 సంఖ్యలు కలవు. సాఫ్ట్‌వేరు వానిని చిన్నచిన్న ముక్కలుగా తీసికొని, ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే చూపిన మార్గమున ప్రతిముక్కను శుద్ధనాదములుగా విడదీసి, ఒక్కొక్క నిలువుచార నింపును.

ఇందు ఒక మెలకువ కలదు. మా విద్యార్థులు మొదట ముక్కకు 1,024 సంఖ్యలు పెట్టిరి. అప్పుడు ముక్క 23 మిల్లీసెకనులది. గీతలకు గీతలకు నడుమ 43 కంపనముల భేదమైనను లేనిచో అవి కలిసిపోవును. సమచర్మపు మొదటి నాదము సెకనునకు 140 కంపనములైనచో, దాని మూడవ, నాలుగవ నాదములు లెక్కప్రకారము 300, 321 దరిదాపుల నుండును; ఈ రెండును ఒక్కమరకగా తోచును. ముక్కను 4,096 సంఖ్యలకు పెంచినపుడు భేదము 11 వరకు తగ్గి గీతలు విడివడును. కాని ముక్క 93 మిల్లీసెకనులంత పొడవగుటచే దెబ్బ పడిన క్షణము చెదరిపోవును. శ్రుతిని సూక్ష్మముగా చూచినచో కాలము మసకబారును. కాలమును సూక్ష్మముగా చూచినచో శ్రుతి మసకబారును. ఏ సాఫ్ట్‌వేరును దీనిని తప్పింపజాలదు. ఏమి చూడదలచితిమో ముందుగా నిశ్చయించుకొనవలసినవారము మనమే.

ఇంకొక మాట. పటము ఎంత చక్కగా వచ్చినను, గీతలు సమదూరమున నున్నవని మాత్రమే అది చెప్పును. ఏల ఉన్నవో చెప్పదు. ఏల యనుటకు మరల మృదంగమువద్దకే, దాని తోలువద్దకే, కరణవద్దకే పోవలెను. రామనుగారి ఇసుక చేసినపని అదియే. ఈ మాట చెప్పి, మృదంగపు మూతలు కట్టువారు ఈ ప్రాంతమున ఎవరైన కలరాయని మేము అడిగితిమి. చాలసేపు ఎవరును పలుకలేదు. అప్పుడు ఆ వెనుకబల్ల బాలుడు లేచి, తన తాతగారు ఆ పని చేయుదురని మెల్లగా చెప్పెను. తోలుపని యని తోటివారు చులకన చేయుదురను భయముచే ఆతడు మూడేండ్లుగా ఆ సంగతిని దాచియుంచెను. మా ప్రార్థనాలయమున పాటలకు వాయించు డోలకుకు మూతలు కట్టినదియు ఆ వృద్ధులే యని మాకు అంతవరకు తెలియకపోవుట మా తప్పిదము.

మరుసటి వారము ఆ పెద్దలను ప్రయోగశాలకు సగౌరవముగా పిలుచుకొని వచ్చితిమి. చెప్పులు బయటవిడిచి, లోనికి రావచ్చునాయని ఆయన ద్వారమువద్దనే నిలిచిరి. మా ప్రధానోపాధ్యాయులు ఎదురేగి చేయిపట్టుకొని తీసికొనివచ్చి కుర్చీపై కూర్చుండబెట్టిరి. ఆయన కరణను పొరలుపొరలుగా ఎట్లు అద్దుదురో, ప్రతిపొరకు మీటి ఎట్లు వినుదురో, చాలునని చెవి చెప్పువరకు ఎట్లు రుద్దుదురో చూపిరి. అటుపిమ్మట విద్యార్థులు మూతపై సన్నని ఇసుకను చల్లిరి. ఆయన ఒకవ్రేలితో తాకి, మరియొకవ్రేలితో మీటగా ఇసుక కదలి అడ్డగీతగా నిలిచెను. ఇన్నేండ్లు చెవితో విన్నదానిని ఆయన ఆనాడు కంటితో చూచి, వంగి చాలసేపు పరికించిరి. ఆ గీత యేమో తాతగారికి వివరించినవాడు మనుమడే.

తంజావూరు ప్రాంతమున మృదంగములు చేయు కుటుంబములలో దళిత క్రైస్తవులు పెక్కుమంది కలరు. తరతరములుగా అట్టివారి చేతులలో పెరిగిన విద్యను రామనుగారు పరికరములతో పరీక్షించి, ప్రపంచపు విద్వాంసుల యెదుట నిలిపిరి. కరణను మొదట కనుగొన్నవారి పేరు ఏ చరిత్రలోను లేదు. వారి లెక్క మాత్రము తప్పలేదు.

రామనుగారు 1934లో భారతీయ విజ్ఞాన అకాడమీని, 1948లో తమ పేరిట పరిశోధనాలయమును బెంగుళూరులో స్థాపించిరి. 1954లో భారతరత్న బిరుదము నందిరి. 1970 నవంబరు 21వ తేదీన కన్నుమూసిరి. ఫిబ్రవరి 28వ తేదీని దేశమంతయు విజ్ఞానదినముగా జరుపుకొనుచున్నది. మా పాఠశాలలో ఆ దినమున ఇకమీదట ఇసుక చల్లిన మృదంగమును స్పెక్ట్రోగ్రామ్ పటము ప్రక్కనే ఉంచవలెనని నిశ్చయించితిమి. ఆ బల్లయొద్ద తాతగారికి ఒక కుర్చీయును వేయుదుము.